టాకింగ్ హెడ్స్ పాటలో ఎవరెవరు వినిపిస్తారు? ప్రభావాలను చెవితో పట్టుకునే పద్ధతి

రాక్ సంగీతం గురించి ఏది చదివినా ఒక మాట తప్పకుండా తగులుతుంది: ప్రభావం. ఫలానా పాట మీద ఆఫ్రికా సంగీతం ప్రభావం ఉంది, ఫంక్ (లయకే పెద్దపీట వేసే అమెరికా నల్లజాతి నృత్య సంగీతం) ప్రభావం ఉంది అని ఒకే వాక్యంలో నాలుగు పేర్లు చెప్పేసి రాసినవాళ్లు ముందుకు వెళ్లిపోతారు. చదివినవాళ్లకు పేర్లు గుర్తుంటాయి. పాట పెట్టుకుని వింటే మాత్రం ఆ ఆఫ్రికా ఎక్కడుందో, ఆ ఫంక్ ఎక్కడుందో అంతుపట్టదు. నేను చెప్పబోయే పద్ధతికి ఒకటే నియమం. పాటలో ఇదిగో ఇక్కడ అని చూపించగలిగినప్పుడే ప్రభావం అనాలి. చూపించలేకపోతే నోరు మూసుకుని ఇంకోసారి వినాలి.

దీనికి నేను ఎంచుకున్న పాట టాకింగ్ హెడ్స్ బృందం చేసిన 'వన్స్ ఇన్ ఎ లైఫ్‌టైమ్'. 1980 అక్టోబర్‌లో వచ్చిన 'రిమైన్ ఇన్ లైట్' ఆల్బమ్‌లోది. మరుసటి ఏడాది మొదట్లో సింగిల్‌గా విడుదలై బ్రిటన్‌లో 14వ స్థానం దాకా వెళ్లింది. సొంత దేశం అమెరికాలో అప్పట్లో టాప్ 100లోకి కూడా రాలేదు. ఇవాళ న్యూ వేవ్ అనగానే చాలామంది ముందు చెప్పే పాటల్లో ఇదొకటి. దీన్నే తీసుకోవడానికి ఇంకో కారణం ఉంది. పాట ఎలా తయారైందో చేసినవాళ్లే తర్వాత చాలాసార్లు చెప్పారు కాబట్టి మన చెవికి తోచింది నిజమో కాదో సరిచూసుకోవచ్చు.

న్యూ వేవ్ అనే పేరు గురించి బుర్ర బద్దలు కొట్టుకోకండి. 1970ల మధ్యలో న్యూయార్క్‌లోని సీబీజీబీ క్లబ్బులో వాయించిన బృందాలన్నిటినీ కలిపి పంక్ (ముతకగా, దూకుడుగా ఉండే రాక్) అనేవారు. పంక్ అంటే రేడియో స్టేషన్లు జంకుతున్నాయని సైర్ రికార్డ్స్ అధిపతి సీమోర్ స్టీన్ లాంటివాళ్లు న్యూ వేవ్ అనే మాటను ముందుకు తోశారు. సగం వ్యాపారం కోసం పెట్టిన పేరు అది. దాన్నిబట్టి పాట ఎలా ఉంటుందో ఊహించలేం. ఇక బృందం సంగతి: పాడే డేవిడ్ బర్న్, డ్రమ్స్ వాయించే క్రిస్ ఫ్రాంట్జ్, బేస్ వాయించే టీనా వేమౌత్ ముగ్గురూ రోడ్ ఐలండ్‌లోని ఆర్ట్ కాలేజీలో కలిశారు. 1977లో కీబోర్డ్ వాయించే జెర్రీ హారిసన్ చేరాడు. 1978 నుంచి వరసగా మూడు ఆల్బమ్‌లకు బ్రయన్ ఈనో నిర్మాత. నేపథ్యం ఇంతవరకు తెలిస్తే చాలు.

ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

మంచి ఇయర్‌ఫోన్స్ తప్పనిసరి. ఫోన్ స్పీకర్‌లో బేస్ గిటార్ దాదాపు వినిపించదు, ఈ పాటేమో బేస్ మీదే నిలబడింది. ఆల్బమ్‌లోని అసలు రికార్డింగే వెతుక్కోండి, నిడివి 4 నిమిషాల 19 సెకన్లు. 1984 నాటి 'స్టాప్ మేకింగ్ సెన్స్' కచేరీ సినిమాలోది వేరే. అది కూడా గొప్పగానే ఉంటుంది గానీ ఇప్పుడు దాని జోలికి పోవద్దు. ఎందుకో తర్వాత చెప్తాను.

ఒక ప్లేలిస్ట్‌లో వీటిని పెట్టి ఉంచుకోండి, ఇంకా వినొద్దు:

- నైజీరియా సంగీతకారుడు ఫెలా కుటి 'జెయున్ కో కు', 1973 నాటి 'అఫ్రోడిజియాక్' ఆల్బమ్‌లోది
- వెల్వెట్ అండర్‌గ్రౌండ్ 'వాట్ గోస్ ఆన్', 1969
- టాకింగ్ హెడ్స్‌దే 'ఐ జింబ్రా', 1979
- 'రైట్ స్టార్ట్', 'రిమైన్ ఇన్ లైట్' 2006 ఎడిషన్‌లో చివర చేర్చిన అసంపూర్తి ట్రాక్
- బర్న్, ఈనో కలిసి చేసిన 'మై లైఫ్ ఇన్ ద బుష్ ఆఫ్ గోస్ట్స్' ఆల్బమ్, 1981
- ఆంజెలిక్ కిడ్జో పాడిన 'వన్స్ ఇన్ ఎ లైఫ్‌టైమ్', 2018

ఒక కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. ఫోన్‌లో నోట్ చేసుకోవచ్చు కదా అంటారేమో, పాట ఆడుతున్న ఫోన్‌లోనే రాయాలంటే మాటిమాటికీ ఆపాల్సి వస్తుంది.

1. మొదటిసారి ఊరికే వినండి

ఏమీ రాయకండి. పాట అయిపోయాక గుర్తున్నవి మాత్రం రెండు మూడు మాటల్లో రాసుకోండి. చాలామంది రాసేవి ఇలా ఉంటాయి: బుడగలు ఉబికినట్టు ఏదో శబ్దం, పాటలా కాకుండా ప్రసంగంలా ఒక గొంతు, పల్లవిలో నలుగురు కలిసి పాడటం, చివర్లో ఏదో పెద్దగా వచ్చి పడటం. ఇంకా పేర్లేవీ రాయొద్దు. 'ఆఫ్రికన్‌గా ఉంది' అని రాయాలనిపిస్తే కొట్టేయండి. అలా అనిపించడానికి కారణమైన శబ్దమేదో అది రాయండి.

మాటల అర్థం కూడా ఒకసారి చూసుకోండి, తర్వాత పనికొస్తుంది. మంచి ఇల్లు, కారు, అందమైన భార్య అన్నీ ఉన్న ఒక మనిషి ఉన్నట్టుండి చుట్టూ చూసుకుని, నేనిక్కడికి ఎలా వచ్చానని అడుగుతాడు. పల్లవి నిండా నీళ్లు ప్రవహిస్తూనే ఉంటాయి.

2. తాళం వేయండి, సమం వెతకండి

రెండోసారి పెట్టి తొడ మీద నాలుగేసి లెక్కలు వేయండి. వేగం నిమిషానికి 120 దెబ్బలకు కాస్త తక్కువ, చేతికి హాయిగానే ఉంటుంది. డ్రమ్స్ పట్టుకుని లెక్కిస్తే కష్టం లేదు. ఇప్పుడు డ్రమ్స్ వదిలేసి బేస్ పట్టుకుని లెక్కించండి. తర్వాత కీబోర్డ్ బుడగల శబ్దాన్ని పట్టుకుని లెక్కించండి. 'ఒకటి' (తాళం మొదలయ్యే దెబ్బ, అంటే సమం) ఎక్కడుందో అనుమానం మొదలవుతుంది.

కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్లు, భజనల్లో తాళం వేసే అలవాటున్నవాళ్లు ఇక్కడ కాస్త ముందుంటారు. సమం వెతకడం వాళ్లకు కొత్త కాదు. కానీ కచేరీలో ఎవరెంత దూరం తిరిగొచ్చినా చివరికి అందరూ ఒకే సమానికి చేరతారు. ఈ పాటలో ఆ ఒప్పందం లేదు. ఈ ట్రాక్ చేస్తున్నప్పుడు ఈనోకు 'ఒకటి' ఒకచోట, బృందానికి ఇంకోచోట వినిపించింది. ఈనో దాన్ని పొరపాటుగా చూడలేదు. ఒక్కొక్కరూ లయను ఒక్కోలా తీసుకునేలా ప్రోత్సహించాడు. కాబట్టి మీకు లెక్క తప్పినట్టు అనిపిస్తే టెన్షన్ పడకండి, పాటే అలా కట్టారు.

కాగితం మీద ఇలా రాయండి: 'వాద్యాలన్నీ ఒకేచోట మొదలుకావు.' మీ మొదటి ఆధారం ఇదే. దీన్ని తర్వాత ఫెలా కుటి దగ్గరికి తీసుకెళ్తాం.

3. బేస్ ఒక్కటే వినండి

మొత్తం పద్ధతిలో అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇది. తొందరపడకండి. కావాలంటే ప్లేయర్‌లో వేగం 0.75కి తగ్గించుకోండి. టీనా వేమౌత్ వాయించే పలుకు చాలా చిన్నది, మధ్యలో పెద్ద ఖాళీలు. ఒకటి రెండుసార్లు నోటితో అనుకోండి, వచ్చేస్తుంది. ఇప్పుడు ఆ పలుకును అనుకుంటూనే చరణం నుంచి పల్లవిలోకి వెళ్లండి.

పల్లవి వచ్చినప్పుడు బేస్ మారిందా? మారలేదు. అదే పలుకు, అదే ఖాళీ.

ఇదెంత విచిత్రమో తెలియాలంటే మీకిష్టమైన ఏ రాక్ పాటైనా, సినిమా పాటైనా పెట్టి చూడండి. పల్లవి రాగానే కింద స్వరాలు కదులుతాయి, ఆ కదలికవల్లే పాట పైకి లేచినట్టు అనిపిస్తుంది. ఇక్కడ కింద నేల కదలదు. అయినా పల్లవి లేచినట్టే ఉంటుంది. ఎలా లేచింది? పైన కొత్త రాగం వచ్చింది, గొంతులు ఎక్కువయ్యాయి, అంతే. పాశ్చాత్య పాప్ పాట మామూలుగా నిలబడేది కార్డుల (ఒకేసారి కలిపి వాయించే స్వరాల గుంపుల) మార్పు మీద. దాన్ని తీసేసి, పొరలు పేర్చి పాట కట్టొచ్చని వీళ్లకు ఎక్కడ తెలిసింది? వెతకాల్సిన ప్రశ్న ఇది. ఆఫ్రికా ప్రభావం అని అందరూ అనే మాటకు ఈ పాటలో అసలు అర్థం కూడా ఈ ప్రశ్నలోనే ఉంది.

4. పొరలను విడదీయండి

కాగితం మీద అడ్డంగా ఒక గీత గీసి నాలుగు నిమిషాలుగా విభజించండి. దాని కింద ఒక్కో వాద్యానికి ఒక్కో వరుస: డ్రమ్స్, బేస్, బుడగల కీబోర్డ్, గిటార్లు, ఒంటరి గొంతు, గుంపు గొంతులు, ఆర్గన్. పాట ఆడిస్తూ ఏది ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు తప్పుకుంటుందో గీతలు గీయండి. ఒక చెవికే ఇయర్‌ఫోన్ పెట్టి ఒకసారి, రెండో చెవికి ఒకసారి వింటే విడదీయడం తేలిక.

అయ్యాక చూస్తే బేస్, డ్రమ్స్ గీతలు మొదటి నుంచి చివరిదాకా దాదాపు తెగకుండా ఉంటాయి. మిగతావి వస్తూ పోతూ ఉంటాయి. స్టూడియోలో జరిగిన పని కూడా సరిగ్గా ఇదే. 1980 వేసవిలో బృందం బహామాస్‌లోని నసావుకు, ఐలండ్ రికార్డ్స్ స్థాపకుడు క్రిస్ బ్లాక్‌వెల్ కట్టించిన కంపాస్ పాయింట్ స్టూడియోకు వెళ్లింది. చేతిలో తయారైన పాటల్లేకుండా వెళ్లారు. అందరూ కలిసి చాలాసేపు వాయించడం, అందులో బాగున్న ముక్కను ఏరుకోవడం, ఆ ముక్కనే మళ్లీ మళ్లీ వాయించి టేపు నింపడం, ఇదీ వాళ్లు చేసిన పని. ఇవాళ ల్యాప్‌టాప్‌లో లూప్ అని ఒక్క బటన్ నొక్కి చేసే పనిని అప్పుడు మనుషులే లూపుల్లా కూర్చుని చేశారు. పల్లవి ఎప్పుడు రావాలి, ఏ వాద్యం ఎప్పుడు ఆగాలి అన్నవి తర్వాత మిక్సింగ్ బల్ల దగ్గర తేల్చారు. మాటలు, గొంతులు చివర్న న్యూయార్క్‌లో చేరాయి.

ఈ ట్రాక్ దాదాపు చెత్తబుట్టలోకి వెళ్లబోయింది కూడా. ఈనోకు మొదట ఇది అంతగా నచ్చలేదు. పల్లవికి ఒక రాగం తట్టి, మాటల్లేకుండానే దాన్ని పాడి చూశాక పాటకు ప్రాణం వచ్చింది. మీ కాగితంలో గుంపు గొంతుల గీత ఎక్కడ మొదలవుతుందో చూడండి. ఆ గీత లేకపోతే మిగిలేది ఒక పొడవాటి వాయింపు మాత్రమే.

5. ఇప్పుడు ఫెలా కుటి దగ్గరికి వెళ్లండి

'జెయున్ కో కు' పెట్టండి. పాట మొత్తం గురించి ఆలోచించకుండా, మీ కాగితం మీద ఉన్న రెండు ఆధారాలతోనే వినండి: వాద్యాలు ఒకేచోట మొదలవుతున్నాయా? కింద స్వరాలు కదులుతున్నాయా?

బేస్, గిటార్ ఒక్కొక్కటీ చిన్న ముక్క పట్టుకుని తిరుగుతూనే ఉంటాయి. ఒకదాని ఖాళీలో ఇంకోటి పడుతుంది. ఏ ఒక్కదాన్ని విడిగా తీసినా పెద్ద పనేమీ చేస్తున్నట్టు ఉండదు, కలిస్తే మాత్రం యంత్రం తిరుగుతుంది. ఈనో బర్న్‌కు వినిపించింది ఈ పాట ఉన్న 'అఫ్రోడిజియాక్' ఆల్బమే. 'రిమైన్ ఇన్ లైట్'కు నమూనా కూడా ఇదే అయింది. ఆ సెషన్లలో చేసి పక్కన పెట్టిన ఒక ట్రాక్‌కు 'ఫెలాస్ రిఫ్' అని పేరు కూడా ఉంది. అది 2006 ఎడిషన్‌లో బయటికొచ్చింది. ఇంతకంటే స్పష్టమైన ఒప్పుకోలు ఉండదు.

ఇక కలవనివి రాయండి. చాలామంది ఈ పని చేయరు. ఫెలా పాటలు చాలావరకు పది నిమిషాలు దాటుతాయి, వీళ్లది నాలుగు నిమిషాల చిల్లర. అక్కడ బాకాలు, శాక్సోఫోన్లు పాటను నడిపిస్తాయి, ఇక్కడ వాటి ఊసే లేదు. ఫెలా డ్రమ్మర్ టోనీ అలెన్ వాయించే డ్రమ్స్ చూడండి, రెండు చేతులు, రెండు కాళ్లు నాలుగు వేరు దారుల్లో పోతుంటాయి. క్రిస్ ఫ్రాంట్జ్ అలా వాయించడు, సూటిగా, గట్టిగా నిలబెట్టే డ్రమ్మింగ్ అతనిది. నా ఉద్దేశంలో ఇది చాలా ముఖ్యమైన సంగతి. ఆఫ్రికా ప్రభావం అనగానే అందరూ డ్రమ్స్ వైపు చెవి పెడతారు. ఈ పాటలో అది డ్రమ్స్‌లో లేదు, వాద్యాలు ఒకదానికొకటి చోటిచ్చుకునే తీరులో ఉంది. వచ్చింది శబ్దం కాదు, పని చేసే పద్ధతి.

ఇక్కడే ఇంకో చిక్కుంది. ఫెలా సంగీతం అచ్చంగా నైజీరియా నగరం లాగోస్ మట్టిలోంచి మొలిచిందేమీ కాదు. లండన్‌లో ట్రినిటీ కాలేజీలో సంగీతం చదువుకున్నాడు, జాజ్ వాయించాడు, పశ్చిమ ఆఫ్రికా నృత్య సంగీతమైన హైలైఫ్ వాయించాడు. 1969లో బృందంతో అమెరికా వెళ్లి లాస్ ఏంజెలెస్‌లో ఉన్నప్పుడు అక్కడి నల్లజాతి ఉద్యమమూ దగ్గరగా చూశాడు. నైజీరియాలోని యొరూబా ప్రజల లయలకు వీటన్నిటితో పాటు జేమ్స్ బ్రౌన్ తరహా ఫంక్ కూడా కలిస్తే వచ్చింది ఆఫ్రోబీట్. కాబట్టి టాకింగ్ హెడ్స్ పాటలో ఫంక్ వినిపిస్తే అది నేరుగా అమెరికా నుంచి వచ్చిందా, లాగోస్ చుట్టి వచ్చిందా అంటే రెండు దారులూ నిజమే. కాగితం మీద బాణం గీసేటప్పుడు ఒకటే బాణం గీయకండి.

'ఐ జింబ్రా' కూడా ఇప్పుడే వినేయండి. ఏడాది ముందు ఇదే బృందం ఇదే దారిలో వేసిన మొదటి అడుగు అది. మాటలు అర్థాన్నే ఎగతాళి చేసిన దాదా కళా ఉద్యమంలోని జర్మన్ కవి హ్యూగో బాల్ రాసిన అర్థంలేని ధ్వనుల కవిత నుంచి తీసుకున్నారు. పద్ధతి అప్పటికే సగం చేతికొచ్చిందని తెలుస్తుంది.

6. గొంతు ఎవరిదో కనిపెట్టండి

చరణాల్లో బర్న్ పాడుతున్నాడా, మాట్లాడుతున్నాడా? మాటలు పట్టించుకోకుండా ఊపు మాత్రమే వినండి. ఒకే మాటతో మొదలయ్యే వాక్యాలు ఒకదాని మీద ఒకటి పడుతుంటాయి, ప్రతిదానికీ గొంతు కాస్త పెరుగుతుంది, తర్వాత గుంపు జవాబు చెబుతుంది. మన ఊళ్లలో సువార్త కూటాలు విన్నవాళ్లకు ఈ ధోరణి వెంటనే తెలిసిపోతుంది. బర్న్ అమెరికా రేడియోలో వచ్చే క్రైస్తవ ప్రసంగీకుల మాటలు రికార్డు చేసుకుని, వాటిలోంచి నచ్చిన వాక్యాల తీరు రాసుకున్నాడు. ఈ పాట మాటల్లో చాలాభాగం అలా వచ్చిందేనని అతనే చెప్పాడు.

సరిచూసుకోవడానికి 'మై లైఫ్ ఇన్ ద బుష్ ఆఫ్ గోస్ట్స్' ఉంది. పేరు నైజీరియా రచయిత ఆమోస్ టుటువోలా 1954 నవలది. చాలాభాగం ఈ పాటకంటే ముందే రికార్డు చేసినా బయటికొచ్చింది 1981లో. అందులో బర్న్, ఈనో పాడరు. రేడియోలో, రికార్డుల్లో దొరికిన ప్రసంగీకుల, గాయకుల గొంతులనే టేపుగా వాయిద్యాల మీద పరిచారు. అక్కడ టేపు చేసిన పనిని ఇక్కడ బర్న్ తన గొంతుతో చేశాడు. రెండూ వెంటవెంటనే వింటే దీనికి వేరే వివరణ అక్కర్లేదు.

ఇప్పుడు మొదటి మెట్టులో చూసిన అర్థం దగ్గరికి రండి. ప్రసంగీకుడి ఊపు ఉంది గానీ అందులో దేవుడు లేడు, పాపం లేదు, ఇల్లూ కారూ ఉన్నాయి. మామూలు మధ్యతరగతి బతుకును బోధలా చెప్పడమే ఈ పాటలోని వింత. ప్రభావం గురించి రాసేటప్పుడు తీసుకున్నదేమిటో చెప్పి ఊరుకోకండి. తీసుకున్నాక ఏం మార్చారో కూడా రాయండి.

7. నేరుగా తెచ్చుకున్న ముక్క

ఇది త్వరగా అయిపోయే మెట్టు. పాట చివరి భాగంలో ఒక ఆర్గన్ పెద్దగా వచ్చి పడుతుంది. అప్పటిదాకా లేని బరువు, అప్పటిదాకా లేని రాక్ వాసన. అక్కడ ఆపి వెల్వెట్ అండర్‌గ్రౌండ్ 'వాట్ గోస్ ఆన్' పెట్టండి, ఆర్గన్ వచ్చేదాకా ఆగండి. జెర్రీ హారిసన్ ఆ ముక్కను అక్కడినుంచే తెచ్చాడు. 1969 నాటి న్యూయార్క్ రాక్ 1980 నాటి న్యూయార్క్ రాక్‌లోకి అలాగే నడిచొచ్చింది. పద్ధతి తీసుకోవడానికీ ముక్క తీసుకోవడానికీ తేడా ఏమిటో ఈ రెండు నిమిషాల్లో చెవికి తెలిసిపోతుంది. కాగితం మీద వాటిని వేర్వేరు రంగుల్లో గుర్తు పెట్టుకోండి.

8. మోసపోయే చోట్లు

ఒకే ఆల్బమ్‌లోని పాటల ప్రభావాలను కలిపేయడం మామూలుగా జరిగేదే. కర్టిస్ బ్లో 1980లో చేసిన 'ద బ్రేక్స్' అనే ర్యాప్ పాట 'రిమైన్ ఇన్ లైట్' మీద ప్రభావం చూపించింది, నిజమే. కానీ అది 'క్రాస్‌ఐడ్ అండ్ పెయిన్‌లెస్' అనే వేరే పాటలో. అందులోని మాటల వరుస కోసం ఆ ర్యాప్ వినమని ఫ్రాంట్జ్ సూచించాడు. జాన్ హాసెల్ ట్రంపెట్ 'హౌసెస్ ఇన్ మోషన్'లో వినిపిస్తుంది. మన పాటలో ఇవి వెతికితే దొరకవు. ఎక్కడో చదివారు కాబట్టి వినిపించినట్టు అనిపిస్తుంది, జాగ్రత్త.

కచేరీ రికార్డింగ్‌ను పక్కన పెట్టమన్నది కూడా ఇందుకే. ఈ పాటలను నలుగురే వేదిక మీద వాయించడం కుదరదు. అందుకే 1980 ఆగస్టులో కెనడాలో టొరంటో దగ్గర జరిగిన హీట్‌వేవ్ ఉత్సవం నుంచి బృందాన్ని పెంచారు. పార్లమెంట్-ఫంకడెలిక్ (పి-ఫంక్) అనే ఫంక్ బృందపు కీబోర్డ్ కళాకారుడు బెర్నీ వోరెల్ అలా చేరాడు. కచేరీలో వినిపించే ఫంక్ కీబోర్డ్ అతని చేయి. అది విని స్టూడియో పాట మీద పి-ఫంక్ ప్రభావం అని రాస్తే తప్పు లెక్క.

వీడియో సంగతీ అంతే. బో టై కట్టుకుని చెమటలు కారుస్తూ బర్న్ ఎగిరెగిరి పడే వీడియోను నృత్య దర్శకురాలు టోనీ బేసిల్‌తో కలిసి చేశాడు. ఆ కదలికలు మతపరమైన పూనకాల పాత ఫుటేజీలు చూసి కూర్చుకున్నవి. అద్భుతంగా ఉంటుంది. కానీ అది పాట అయిపోయాక వచ్చింది. కళ్లు మూసుకుని వినండి.

9. తయారవ్వని పాటను వినండి

'రైట్ స్టార్ట్' ఈ పాటకు మొదటి రూపం. పల్లవి రాగం, ప్రసంగం రాకముందు నసావులో ఉన్న యంత్రం ఇది. మీ నాలుగో మెట్టు కాగితం పక్కన పెట్టుకుని వినండి. ఏవి ముందే ఉన్నాయో, ఏవి తర్వాత చేరాయో టిక్కులు పెట్టండి. ప్రభావాలు కూడా వరస ప్రకారం వచ్చాయని తెలుస్తుంది: ముందు లయ పద్ధతి, ఆ తర్వాత గొంతు. మీరు ఇంకో పాట మీద ఈ పని చేసేటప్పుడు డెమో గానీ రిహార్సల్ టేపు గానీ దొరికితే వదలకండి. పది ఇంటర్వ్యూలు చెప్పని సంగతి ఒక డెమో చెబుతుంది.

10. ఎదురు పరీక్ష

బెనిన్ దేశంలో పుట్టిన ఆంజెలిక్ కిడ్జో 2018లో 'రిమైన్ ఇన్ లైట్' ఆల్బమ్ మొత్తాన్ని మళ్లీ పాడింది. 1983లో పారిస్ చేరిన కొత్తలో ఈ పాట విన్నప్పుడు అందులో ఆఫ్రికా ఉందని ఆమెకు అనిపించిందట. డ్రమ్స్ దగ్గర కూర్చున్నవాళ్లలో టోనీ అలెన్ ఉన్నాడు, ఫెలాతో వాయించిన ఆ టోనీ అలెనే.

ఇక్కడ చేయాల్సింది ఒకటే. ఐదో మెట్టులో కలవనివి అని రాసిన జాబితా తీయండి. బాకాలు, శాక్సోఫోన్లు, డ్రమ్స్ వాయించే తీరు, వీటిలో ఏవేవి కిడ్జో తిరిగి చేర్చిందో చూడండి. టాకింగ్ హెడ్స్ వదిలేసినవేమిటో ఆమె చేర్చినవాటిని బట్టి తెలుస్తుంది. మీ జాబితాలో లేనిది ఏదైనా ఆమె పాటలో వినిపిస్తే, మొదటి వినికిడిలో దాన్ని మీరు దాటిపోయారన్నమాట. వెనక్కి వెళ్లి వినండి.

11. పేర్ల దగ్గర ఒక్క నిమిషం

ఆల్బమ్ విడుదలైనప్పుడు పాటలు రాసినవారి పేర్ల మీద బృందంలో గొడవైంది. బర్న్, ఈనోలకే పెద్దపీట దక్కిందని మిగతావాళ్లు బాధపడ్డారు. తర్వాతి ఎడిషన్లలో ఐదుగురి పేర్లూ వచ్చాయి. మూడో మెట్టులో బేస్ ఒక్కటే విన్నవాళ్లకు ఆ బాధ న్యాయమైనదని చెప్పనక్కర్లేదు. ఇలాంటి సంగీతంలో పాట ఎవరు రాశారనే ప్రశ్నకు మాటలు రాసినవాడి పేరు సరిపోదు.

ఫెలా పేరు ఆ జాబితాలో లేదు. ఉండాలా? పద్ధతికి కాపీరైట్ ఉండదు. వీళ్లు దాచిపెట్టనూ లేదు. ఆల్బమ్‌తో పాటు పత్రికలకు పంపిన కాగితాల్లో ఆఫ్రికా సంగీతం మీద చదివిన పుస్తకాల జాబితా ఇచ్చారు. జాన్ మిల్లర్ చెర్నాఫ్ 1979లో రాసిన పుస్తకం అందులో ఒకటి. రాక్ బృందం ఇలా చేయడం అప్పట్లో కొందరికి నవ్వులాటగా తోచి ఉండొచ్చు. నాకైతే అది మర్యాదగా అనిపిస్తుంది. మీరు ప్రభావాల గురించి రాస్తే, తీసుకున్నవాళ్లు ఒప్పుకున్నారా లేదా అన్నది కూడా ఒక వరుసగా పెట్టండి.

తర్వాత ఏ పాట?

ఇదే పద్ధతిని వెంటనే తిరగేసి వాడటానికి ఒక పాట ఉంది. టీనా వేమౌత్, క్రిస్ ఫ్రాంట్జ్ దంపతులు మళ్లీ కంపాస్ పాయింట్‌కే వెళ్లి టామ్ టామ్ క్లబ్ పేరుతో 1981లో చేసిన 'జీనియస్ ఆఫ్ లవ్'. అందులో ఫంక్ కళాకారుల పేర్లు పాటలోనే వినిపిస్తాయి కాబట్టి ఎవరి దగ్గర తీసుకున్నారో వెతికే శ్రమ లేదు. ఎవరికి ఇచ్చారో వెతకండి. 1995లో మరయా కేరీ 'ఫాంటసీ' పాటకు ఆ ట్రాక్‌నే శాంపిల్‌గా (అసలు రికార్డింగ్ ముక్కనే తీసుకుని) వాడింది. ముందు 'ఫాంటసీ'లో బేస్, కీబోర్డ్ విడదీసి రాసుకోండి, ఆ కాగితంతో 'జీనియస్ ఆఫ్ లవ్'లోకి వెళ్లండి. శాంపిల్ కాబట్టి ముక్క ముక్కా సరిపోవాలి. సరిపోకపోతే మీ నాలుగో మెట్టు ఇంకా సరిగా కుదరలేదని అర్థం, ఇయర్‌ఫోన్ ఒక చెవికే పెట్టుకుని మళ్లీ మొదలుపెట్టండి.